థైరాయిడ్ తీసేశారు, నా టీఎస్‌హెచ్ నార్మల్. అయినా పుట్టబోయే బిడ్డ కోసం పిల్లల డాక్టరుతో ముందే మాట్లాడాలా?

ఏడో_నెల

అందరికీ నమస్కారం. నాకిప్పుడు 29వ వారం. కొన్నేళ్ల కిందట గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) వచ్చింది. గుండె దడ, చేతుల వణుకు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, అన్నీ ఉండేవి. కొంతకాలం మందులు వాడాక ఆపరేషన్ చేసి థైరాయిడ్ మొత్తం తీసేశారు. అప్పటి నుంచి రోజూ పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర వేసుకుంటున్నాను. నెల తప్పాక డోసు పెంచారు. మొన్న చూస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని మెదడు వైపు నుంచి వచ్చే హార్మోన్, థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే ఇది పెరుగుతుంది) 1.8 ఉంది.

గైనకాలజిస్టు గారు "థైరాయిడ్ కంట్రోల్లోనే ఉంది, ఇక దాని గురించి ఆలోచించకండి" అన్నారు. కానీ గ్రంథి తీసేసినా యాంటీబాడీలు ఒంట్లో మిగిలే ఉంటాయని, అవి బిడ్డకు చేరతాయని ఒకచోట చదివాను. ఇంట్లో చెబితే లేనిపోనివి చదివి భయపడకు అంటున్నారు. నా అనుమానంలో పస ఉందా? ఉంటే ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రెండోసారి_అమ్మ

చెల్లీ, ముందు కంగారు పడకు. నాకు రెండు కాన్పుల్లోనూ థైరాయిడ్ తక్కువే. హాషిమోటో (ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్‌ను మెల్లగా దెబ్బతీసే జబ్బు) అన్నారు. నెలనెలా టీఎస్‌హెచ్ చూసి డోసు సర్దారు, అంతే. పిల్లలిద్దరికీ పుట్టాక మడమ దగ్గర రక్తం తీసి పరీక్ష చేశారు, ఇద్దరికీ ఏమీ లేదు. టీఎస్‌హెచ్ బాగుంటే బిడ్డ కూడా బాగుంటుందనే మా డాక్టరు గారు చెప్పారు. నీదీ బాగానే ఉంది కదా.

గ్రంథుల_డాక్టరు

నేను ఎండోక్రైనాలజిస్టును. గర్భిణులను, పుట్టిన పిల్లలను పిల్లల విభాగంతో కలిసి చూస్తుంటాను. రెండోసారి_అమ్మ గారు చెప్పింది వారి జబ్బుకు సరిపోతుంది. ఏడో_నెల గారిది వేరే కథ. రెండింటినీ "థైరాయిడ్" అనే ఒక్క మాటతో పిలుస్తాం కాబట్టి చాలామంది ఇక్కడే పొరబడతారు.

గ్రేవ్స్‌లో జబ్బు మూలం గ్రంథిలో లేదు. రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు థైరాయిడ్‌ను అదేపనిగా రెచ్చగొడతాయి. వాటిని టీఆర్ఏబీ అంటాం. ఆపరేషన్‌తో గ్రంథి పోతుంది, యాంటీబాడీలు మాత్రం కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. గ్రంథిని అణచడానికి రేడియో అయోడిన్ తీసుకున్నవారిలో కూడా అంతే. రెచ్చగొట్టడానికి మీలో గ్రంథి లేదు, కాబట్టి మీకు ఏమీ తెలియదు. మీ టీఎస్‌హెచ్ మీరు మింగే మాత్ర సరిపోతోందా అన్నది మాత్రమే చెబుతుంది. బిడ్డకు మాత్రం గ్రంథి ఉంది. సుమారు 20వ వారం నుంచి అది ఈ యాంటీబాడీలకు స్పందించగలదు. నెలలు నిండే కొద్దీ మాయ దాటి వెళ్లే యాంటీబాడీలు కూడా పెరుగుతాయి.

అందుకే గ్రేవ్స్ చరిత్ర ఉన్న ప్రతి గర్భిణికీ, గ్రంథి ఉన్నా లేకపోయినా, మొదటి నెలల్లో ఒకసారి టీఆర్ఏబీ చూడాలి. అప్పుడు ఎక్కువగా ఉంటే 18-22 వారాల మధ్య, మళ్లీ 30-34 వారాల మధ్య చూడాలి. మీకు ఇంతవరకూ చూడకపోతే ఈ వారమే అడగండి, సమయం మించిపోలేదు. ఫలితం మామూలుగా ఉంటే బిడ్డకు ఈ విషయంలో ప్రత్యేక పరీక్షలేవీ అక్కర్లేదు, నిశ్చింతగా ఉండొచ్చు. నార్మల్ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే స్కాన్‌లో బిడ్డ గుండె వేగం, ఎదుగుదల, మెడ దగ్గర థైరాయిడ్ వాపు, ఉమ్మనీరు చూస్తూ ఉండాలి. గుండె నిమిషానికి 160 దాటి అక్కడే నిలిచిపోతే ఊరుకోకూడదు. అవసరమైతే తల్లికి గ్రంథి లేకపోయినా సరే, బిడ్డ కోసం యాంటీథైరాయిడ్ మందు (థైరాయిడ్ జోరు తగ్గించేది) ఇస్తాం. అది మాయ దాటి బిడ్డను చేరుతుంది. తల్లి తన థైరాక్సిన్ తాను వేసుకుంటూనే ఉంటుంది.

గ్రేవ్స్ ఉన్న తల్లుల పిల్లల్లో 100కి 1 నుంచి 5 మందికే పుట్టాక హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువవడం) వస్తుంది. వచ్చిన బిడ్డకు గుండె కొట్టుకునే వేగం ఎక్కువ, నిద్ర ఉండదు, ఆకలిగా పాలు తాగుతున్నా బరువు ఎక్కదు. చూడకుండా వదిలేస్తే గుండె అలసిపోయే దాకా వెళ్తుంది. కనిపెడితే కొన్ని వారాల మందుతో తగ్గిపోతుంది, ఎందుకంటే అమ్మ ఇచ్చిన యాంటీబాడీలు నెలల్లోనే బిడ్డ ఒంట్లోంచి కరిగిపోతాయి. సులువుగా నయమయ్యే జబ్బు. తల్లి పాత జబ్బు సంగతి పిల్లల డాక్టరుకు ఎవరూ చెప్పకపోవడం వల్లే కష్టం వస్తుంది.

ఏడో_నెల

డాక్టరు గారూ, చాలా కృతజ్ఞతలు. నాకు టీఆర్ఏబీ చేసినట్టు గుర్తు లేదు, కాగితాలన్నీ తిరగేశాను, ఎక్కడా లేదు. రేపే వెళ్లి అడుగుతాను. ఇంకో సందేహం. ఐరన్, కాల్షియం మాత్రలు కూడా ఇచ్చారు. పొద్దున అన్నీ కలిపి వేసుకుంటే మర్చిపోనని అలాగే వేసుకుంటున్నాను. పర్లేదా?

మందుల_గది

పర్లేదు అనలేనండి. ఫార్మసిస్టుగా నేను రోజూ చెప్పే మాట ఇదే. ఐరన్, కాల్షియం రెండూ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి సరిగ్గా వెళ్లనివ్వవు. కనీసం 4 గంటల ఎడం ఉండాలి. థైరాక్సిన్ లేవగానే ఉత్త నీళ్లతో, మధ్యాహ్నం ఐరన్, రాత్రి కాల్షియం అని పెట్టుకుంటే తేలిక. ఇప్పుడు ఎడం పెడితే మాత్ర ఎక్కువగా ఒంటబట్టి టీఎస్‌హెచ్ ఇంకా దిగొచ్చు, కాబట్టి ఈ మార్పు డాక్టరుకు చెప్పి 4 వారాల్లో మళ్లీ చూపించుకోండి.

గర్భంలో డోసు ఎందుకు పెంచుతారో కూడా చెబుతాను, తెలిస్తే ఎవరూ మానరు. ఈస్ట్రోజెన్ పెరగడంతో రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ప్రోటీన్ పెరుగుతుంది. ఉన్న హార్మోన్‌లో ఎక్కువ భాగం దానికే అంటుకుపోతుంది. పైగా బిడ్డ వాటా ఒకటి. గ్రంథి బాగున్నవాళ్లలో అదే ఎక్కువ తయారుచేసి సర్దుకుంటుంది. మాత్ర మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు, అందుకే అవసరం 25 నుంచి 50 శాతం పెరుగుతుంది. గర్భం ఖాయమవగానే డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు వారానికి 7 మాత్రల బదులు 9 వేసుకోమని గర్భానికి ముందే కొందరు డాక్టర్లు చెప్పి ఉంచుతారు. సగం గర్భం దాకా 4 వారాలకోసారి, 30వ వారం దగ్గర ఒకసారి టీఎస్‌హెచ్ చూస్తారు. లక్ష్యం 2.5 లోపు.

కాన్పు అయిన మర్నాటి నుంచి గర్భానికి ముందున్న డోసుకు దిగాలి, 6 వారాలకు పరీక్ష. ఈ దిగడం మర్చిపోయి నెలల తరబడి ఎక్కువ డోసు మింగేవాళ్లను చూస్తుంటాను. గుండె దడ, నిద్ర పట్టకపోవడం వస్తే బాలింత అలసట అనుకుంటారు.

జుట్టు కోసమని బయోటిన్ అనే విటమిన్ వేసుకునేవాళ్లు రక్త పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి. కొన్ని మిషన్లలో థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి.

నిదానం

నాదొక మాట. గర్భంలో మందులు ఎంత తక్కువైతే అంత మంచిదని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు. మా బంధువుల్లో ఒకామెకు టీఎస్‌హెచ్ కొద్దిగా ఎక్కువని రాసిచ్చిన మాత్ర ఆపేసింది, బిడ్డ పుట్టి బాగానే ఉన్నాడు. ప్రతిదానికీ మాత్రా, పరీక్షా అంటే అమ్మకు మనశ్శాంతి ఎక్కడ?

గ్రంథుల_డాక్టరు

నిదానం గారూ, మీ ఆందోళన అర్థమవుతుంది, చాలా మందుల విషయంలో ఆ జాగ్రత్త సరైనదే. థైరాక్సిన్‌కు అది వర్తించదు. ఇది బయటి పదార్థం కాదు, మన గ్రంథి చేసే హార్మోనే. బిడ్డ థైరాయిడ్ 10-12 వారాల దగ్గర పని మొదలుపెట్టినా, తనకు చాలినంత చేసుకోవడానికి 18-20 వారాలు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ మెదడుకు అందేది తల్లి హార్మోనే.

టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి, హార్మోన్ మామూలుగా ఉన్నవారికి మాత్ర అవసరమా కాదా అన్న చర్చ డాక్టర్లలోనూ ఉంది. టీపీఓ యాంటీబాడీలు (హాషిమోటోలో కనిపించేవి) ఉన్నాయా, టీఎస్‌హెచ్ అంకె ఎంత అన్నది చూసి నిర్ణయిస్తాం. మీ బంధువుకు ఇబ్బంది రాకపోవడానికి అదే కారణం కావచ్చు. గ్రంథే లేని ఏడో_నెల గారు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకూడదు.

పాప_నాన్న

డాక్టరు గారి మాట పట్టుకుని బిడ్డ వైపు నుంచి నా అనుభవం రాస్తాను. మా ఇంట్లో అమ్మకు థైరాయిడ్ లేదు, ఎవరికీ లేదు. పాప నెలలు నిండి పుట్టింది, మంచి బరువు, చక్కగా పాలు తాగేది. ఇంటికొచ్చేశాక ఆసుపత్రి నుంచి ఫోన్: మడమ రక్తం పరీక్షలో టీఎస్‌హెచ్ చాలా ఎక్కువ వచ్చింది, వెంటనే తీసుకురండి అని. వెళ్లిన వెంటనే రక్తం తీశారు, ఆ ఫలితం వచ్చేదాకా ఆగకుండా అదే పూట థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టారు. మడమ రక్తం చుక్క తీసిన కార్డు మీద టీఎస్‌హెచ్ 40 దాటితే అలాగే చేస్తామన్నారు.

మా వాళ్లలో ఒకాయన గట్టిగా అడ్డుపడ్డారు. "పాప ఎంత చురుగ్గా ఉందో చూడండి, పుట్టగానే హార్మోన్లు అటూ ఇటూ అవుతాయి, ఒక నెల చూద్దాం" అని. నేనూ ఊగిసలాడాను. అప్పుడు పిల్లల ఎండోక్రైనాలజిస్టు గారు చెప్పిన మాట నన్ను కదిలించింది. ఇది తాత్కాలికమే అయితే మూడేళ్లు నిండాక కొన్ని వారాలు మాత్ర ఆపి చూసి మానేయొచ్చు, అప్పటిదాకా వాడినందుకు నష్టం లేదు. తాత్కాలికం కాకపోతే, ఈ నెల రోజుల్లో మెదడు కోల్పోయేది మళ్లీ తెచ్చివ్వలేం. ఆ తర్వాత ఇంట్లో చర్చ లేదు.

జబ్బు మీద ఒక్క ముక్క. పుట్టుకతో థైరాయిడ్ లోపం సుమారు 2,000 నుంచి 4,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. ఎక్కువమందిలో గ్రంథి ఏర్పడదు, లేదా చిన్నగా, ఉండాల్సిన చోట కాకుండా నాలుక మొదట్లో ఉంటుంది. తల్లి హార్మోన్ కొంత అందుతుంది కాబట్టి పుట్టినప్పుడు బిడ్డలో దాదాపు ఏమీ కనిపించదు. తగ్గని కామెర్లు, బొంగురు ఏడుపు, మలబద్ధకం, బొడ్డు ఉబ్బు, పెద్ద నాలుక, మూసుకోని మాడు, ఇవన్నీ కనిపించేనాటికి ఆలస్యమైపోయినట్టే. మందు మొదటి 2 వారాల్లో పడాలి.

డోసు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లతో పోలిస్తే చాలా ఎక్కువ, చూసి భయపడకండి. మాత్రను చెంచాలో నలిపి కొన్ని చుక్కల తల్లిపాలలోనో నీళ్లలోనో కలిపి అప్పటికప్పుడు నోట్లో వేసేవాళ్లం. పాల సీసాలో కలపొద్దన్నారు, పాప మొత్తం తాగకపోతే ఎంత మందు వెళ్లిందో తెలియదు కదా. సోయా పాలపొడి, ఐరన్ చుక్కలు దీనికి దూరంగా ఉంచమన్నారు. రక్త పరీక్షలు మొదట్లో దగ్గరదగ్గరగా, టీఎస్‌హెచ్ నార్మల్ అయ్యేదాకా రెండు వారాలకోసారి, తర్వాత మెల్లగా ఎడం పెంచారు. సూది పడ్డప్పుడల్లా మా ఆవిడ కళ్లలో నీళ్లు. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, చదువులో తోటివాళ్లకు ఏమాత్రం తీసిపోదు. పొద్దున్నే మాత్ర తనే అడిగి వేసుకుంటుంది.

చుక్క_కార్డు

పాప_నాన్న గారూ, మీ పోస్టు మా ల్యాబ్‌లో అందరికీ చదివి వినిపించాను. నవజాత శిశువుల స్క్రీనింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను.

కాగితం మీద రక్తపు చుక్క ఎండబెట్టి పరీక్షించే పద్ధతిని 1960ల మొదట్లో రాబర్ట్ గుత్రీ వేరే జబ్బు కోసం తెచ్చారు. 1970లలో కెనడాలోని క్యూబెక్‌లో జ్యాఁ దుస్సో బృందం అదే చుక్కతో థైరాయిడ్‌ను పట్టుకోవచ్చని చూపించింది. ఇప్పుడు మేం చేసేది దాని కొనసాగింపే.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది సమయం గురించి. పుట్టిన అరగంటలోనే బిడ్డ టీఎస్‌హెచ్ 60-80 దాకా ఎగబాకుతుంది. చలికి, బయటి ప్రపంచానికి ఒళ్లు అలా స్పందిస్తుంది. మొదటి రోజంతా వేగంగా దిగుతుంది. అందుకే చుక్క తీయడానికి మంచి సమయం 48 నుంచి 72 గంటలు. త్వరగా డిశ్చార్జి చేస్తున్నారని మొదటి రోజే తీస్తే తప్పుడు హెచ్చరికలు వస్తాయి. అలాగని తీయకుండా ఇంటికి పంపడం కన్నా త్వరగా తీసి, మళ్లీ రమ్మనడం మేలు. బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే దానికి ముందే చుక్క తీయాలి. కొన్నిచోట్ల బొడ్డుతాడు రక్తంతో థైరాయిడ్ చూస్తారు, అది పనికొస్తుంది గానీ మిగతా జబ్బులకు మడమ చుక్క ఎలాగూ కావాలి.

ఇంకొకటి, బొడ్డుకో, చర్మానికో పొవిడోన్ అయోడిన్ (క్రిములను చంపే మందు) పూస్తే అయోడిన్ చర్మం గుండా లోపలికి వెళ్లి పసిబిడ్డ థైరాయిడ్‌ను కొన్నాళ్లు అణిచేస్తుంది. నెలలు నిండనివాళ్లలో మరీను.

కవలల_అమ్మ

నెలలు నిండనివాళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా కవలలు 31 వారాలకే పుట్టారు, ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్‌లో) ఉన్నారు. మొదటి చుక్క ఇద్దరికీ నార్మల్. నర్సు మళ్లీ తీస్తామంటోంది. నార్మల్ వచ్చాక ఎందుకు?

చుక్క_కార్డు

తీయించండి, తప్పకుండా. నెలలు నిండని బిడ్డల్లో మెదడు నుంచి థైరాయిడ్‌కు వెళ్లే ఆదేశాల వ్యవస్థ ఇంకా పక్వానికి రాదు. గ్రంథి సరిగ్గా పనిచేయకపోయినా టీఎస్‌హెచ్ పెరగడానికి వారాలు పడుతుంది. మొదటి చుక్క నార్మల్ అనిపించి, 2 నుంచి 4 వారాలప్పుడు పెరిగినవాళ్లను చూశాం. కవలల్లో ఇంకో కారణం కూడా ఉంది: ఒకే మాయ పంచుకున్నవాళ్ల రక్తం కలిసి ఒకరి లోపం మరొకరి హార్మోన్ చాటున మరుగున పడొచ్చు.

షుగర్_మూడోసారి

థైరాయిడ్ చర్చలో షుగర్ అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు, ఇదీ హార్మోన్ల సంగతే కదా. నాకు గర్భంలోనే షుగర్ బయటపడింది, ఇన్సులిన్ తీసుకుంటున్నాను. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు ఉంచమన్నారు, చాలావరకు ఉంటోంది. పుట్టగానే బిడ్డకు షుగర్ పడిపోతుందని ఒకరు చెప్పారు. నాకు ఎక్కువైతే బిడ్డకు పడిపోవడమేమిటి? నేను తీసుకునే ఇన్సులిన్ బిడ్డకు వెళ్తోందా?

రాత్రి_డ్యూటీ

అక్కా, నేను పిల్లల వార్డు నర్సును. మీ ఇన్సులిన్ బిడ్డకు వెళ్లదు, మాయ దాటదు. దాటేది గ్లూకోజ్. మీ రక్తంలో ఎక్కువైన గ్లూకోజ్‌కు బిడ్డ క్లోమం తన ఇన్సులిన్ తానే ఎక్కువ చేసుకోవడం అలవాటు చేసుకుంటుంది. బొడ్డుతాడు కోయగానే మీ నుంచి గ్లూకోజ్ ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం వెంటనే తగ్గదు. అందుకని మొదటి గంటల్లో పడిపోతుంది.

మేం చేసేది: తుడిచి మీ గుండెల మీద పడుకోబెడతాం, వెచ్చగా ఉండాలి. చలి పట్టిన బిడ్డకు షుగర్ ఇంకా త్వరగా పడిపోతుంది. మొదటి గంటలోనే పాలు పట్టిస్తాం. పాలు తాగిన అరగంటకు మడమ నుంచి చుక్క తీసి చూస్తాం, ఆ తర్వాత ప్రతిసారీ పాలకు ముందు, కనీసం 12 గంటలు. తక్కువ వస్తే చెంప లోపలి వైపు 40 శాతం గ్లూకోజ్ జెల్ రుద్ది మళ్లీ పాలు పట్టిస్తాం. న్యూజిలాండ్‌లో జరిగి 2013లో వెలువడిన పరిశోధన తర్వాత ఇది బాగా వాడుకలోకి వచ్చింది. చాలామంది బిడ్డలు అంతటితో తేరుకుంటారు, అమ్మ నుంచి వేరుచేయాల్సిన పని ఉండదు. అప్పటికీ లేవకపోతేనే సెలైన్ దారిలో గ్లూకోజ్.

వణుకు, మందకొడిగా ఉండటం, పాలు పట్టకపోవడం, ఒళ్లు చల్లబడటం కనిపిస్తే మా టైము కోసం చూడకండి, బెల్లు కొట్టండి. బిడ్డ లావుగా బొద్దుగా ఉంటే "ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో, పరీక్షలెందుకు" అనేవాళ్లుంటారు. మేం ఎక్కువ కనిపెట్టుకుని ఉండేది వాళ్లనే.

మీరు అడగలేదు గానీ, ముందస్తు కాన్పు భయంతో బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే మీ షుగర్ కొన్ని రోజులు బాగా పెరుగుతుంది. ఇంజెక్షన్‌కు ముందే ఇన్సులిన్ ఎలా పెంచాలో అడిగి ఉంచుకోండి. కాన్పు అయ్యాక షుగర్ పోయిందని వదిలేయకుండా 4 నుంచి 12 వారాల లోపు 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోండి. బిడ్డ టీకాలకు పరిగెత్తే అమ్మలు ఈ పరీక్షకు మాత్రం రారు. నాకు అదే బాధ.

ఉప్పు_బాబు_అమ్మ

ఇక్కడ ఎవరూ ఇంకా చెప్పని జబ్బు ఒకటి ఉంది. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులది. సీఏహెచ్ అంటారు. ఒత్తిడిని తట్టుకోవడానికి కావాల్సిన కార్టిసాల్, ఒంట్లో ఉప్పు నిలిపే అల్డోస్టిరోన్ అనే హార్మోన్లు తయారవడానికి కావాల్సిన 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే ఉండదు. తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న జన్యువు ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు. ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం.

ఆడపిల్లల్లో పుట్టగానే జననాంగాల తీరులో తేడా కనిపించి డాక్టర్లు అనుమానిస్తారు. మగపిల్లాడిలో ఏ తేడా కనిపించదు. మా బాబు అలాగే ఇంటికొచ్చాడు. రెండో వారంలో పాలు కక్కడం మొదలైంది, బరువు పెరగాల్సింది పోయి తగ్గాడు, మాడు లోపలికి పోయింది. పాలు అరగడం లేదనుకున్నారు మొదట చూసినవాళ్లు. పెద్దాసుపత్రిలో రక్తం చూస్తే సోడియం బాగా తక్కువ, పొటాషియం ప్రమాదకరంగా ఎక్కువ. అక్కడున్న డాక్టరమ్మ ఆ రెండు అంకెలు చూడగానే పరీక్షకు రక్తం తీసి, సెలైన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ బదులు ఇచ్చే మందు) ఇచ్చింది. సాయంత్రానికి బాబు కళ్లు తెరిచి చూశాడు.

ఆ జబ్బుకీ మడమ చుక్కలోనే పరీక్ష ఉంది, 17-ఓహెచ్‌పీ అంటారు. అన్నిచోట్లా చేయరు. అడగండి. పుట్టిన మొదటి మూడు వారాల్లో బిడ్డ కక్కుతూ, నీరసపడుతూ, బరువు తగ్గుతుంటే సోడియం, పొటాషియం చూడమని నోరు తెరిచి అడగండి. ఎవరేమనుకున్నా ఫర్వాలేదు.

ఇప్పుడు బాబుకు రోజుకు మూడుసార్లు హైడ్రోకార్టిసోన్, అల్డోస్టిరోన్ బదులు ఒక ఫ్లూడ్రోకార్టిసోన్. పసితనంలో విడిగా ఉప్పు కూడా ఇచ్చేవాళ్లం. జ్వరం వస్తే డోసు రెండు మూడు రెట్లు, కక్కితే ఇంజెక్షన్. ఇంట్లో నాకూ ఆయనకూ ఇంజెక్షన్ చేయడం నేర్పించారు. ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నాం. గర్భంలోనే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు వేసుకుంటే మంచిదని ఎవరో అన్నారు, నిజమా?

గ్రంథుల_డాక్టరు

మీ పోస్టు ప్రతి పిల్లల వార్డులోనూ చదవాల్సినది అమ్మా.

డెక్సామెథసోన్ ఆడపిల్లల్లో జననాంగాల మార్పును తగ్గించడానికి మాత్రమే ప్రయత్నించారు, జబ్బును అది మాన్పదు. గర్భం తెలిసిన వెంటనే, బిడ్డ ఆడో మగో, జబ్బు ఉందో లేదో తెలియకముందే మొదలుపెట్టాలి. అంటే అవసరం లేని బిడ్డలే ఎక్కువమంది ఆ మందు పాలవుతారు. దాని దీర్ఘకాలిక ప్రభావాల మీద అనుమానాలున్నాయి. నైతిక కమిటీ అనుమతి ఉన్న పరిశోధనల్లో తప్ప వాడొద్దన్నదే నేటి సలహా. గర్భానికి ముందే మీ ఇద్దరి జన్యు పరీక్ష, కౌన్సెలింగ్ చేయించుకోండి. పుట్టాక బిడ్డకు మొదటి రోజుల్లోనే పరీక్ష, ఫలితం వచ్చేదాకా సోడియం, పొటాషియం మీద కన్ను. ఆ ప్రణాళిక కాన్పుకు ముందే కాగితం మీద ఉండాలి.

జననాంగాల తీరు స్పష్టంగా లేని బిడ్డ పుడితే ఆడా మగా అని ఎవరూ తొందరపడి ప్రకటించకూడదు. పరీక్షలు వచ్చేదాకా "బిడ్డ" అంటే చాలు. ముందు ప్రాణం, అంటే ఉప్పు, కార్టిసాల్ చూడాలి.

తల్లుల గురించి కూడా. అడ్రినల్ లోపం ఉండి హైడ్రోకార్టిసోన్ వాడే గర్భిణులకు నొప్పులు మొదలయ్యాక 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ పడాలి, కాన్పు గదిలో ఆ కాగితం ముందే ఉండాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లికి తర్వాత పాలు పడకపోయినా, విపరీతమైన నీరసం, తక్కువ సోడియం ఉన్నా పిట్యూటరీ (మెదడు అడుగున ఉండి మిగతా గ్రంథులను నడిపే గ్రంథి) దెబ్బతిందేమో చూడాలి. షీహాన్ సిండ్రోమ్ అంటాం. పాలు రాకపోవడాన్ని ఆమె లోపంగా మాట్లాడే ఇళ్లలో ఇది ఏళ్లకేళ్లు బయటపడదు.

ఏడో_నెల

మళ్లీ వచ్చాను. టీఆర్ఏబీ ఫలితం వచ్చింది, డాక్టరు గారు చెప్పిన మూడు రెట్ల కన్నా ఎక్కువే ఉంది. చూడగానే కాళ్లు చల్లబడ్డాయి. కానీ గైనకాలజిస్టు గారు చాలా బాగా స్పందించారు, వెంటనే ఎండోక్రైనాలజిస్టుతో ఫోన్‌లో మాట్లాడి స్కాన్ రాశారు. బిడ్డ గుండె 148, మెడ దగ్గర వాపు లేదు, ఎదుగుదల సరిగ్గా ఉంది. తరచుగా స్కాన్ చేస్తామన్నారు. పిల్లల డాక్టరుతో కూడా కలిశాం. బొడ్డుతాడు రక్తంలో యాంటీబాడీలు, బిడ్డకు 3-5 రోజుల మధ్య ఒకసారి, 10-14 రోజుల మధ్య ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేస్తామన్నారు. ఇంట్లోవాళ్లు కూడా ఇప్పుడు నాతో పాటు వస్తున్నారు.

అన్నీ ఒక పేజీలో రాసిమ్మని అడిగాను, ఇచ్చారు. నా పాత జబ్బు, ఆపరేషన్, ఇప్పటి డోసు, యాంటీబాడీల అంకె, బిడ్డకు ఏ రోజు ఏ పరీక్ష, గుండె వేగం ఎంత దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. దీన్ని ఎవరికివ్వాలి?

రాత్రి_డ్యూటీ

మూడు కాపీలు తీయించండి అక్కా. ఒకటి మీ ఫైల్లో మొదటి పేజీగా, ఒకటి కాన్పు గదిలోకి వెళ్లేటప్పుడు మీతో వచ్చేవాళ్ల చేతిలో, ఒకటి పుట్టాక బిడ్డకు తెరిచే ఫైల్లో పెట్టడానికి. తల్లి ఫైలు తల్లి వార్డుకు, బిడ్డ ఫైలు బిడ్డ వార్డుకు వెళ్లిపోతాయి, డ్యూటీలు మారతాయి. ఇంటికెళ్లేటప్పుడు పదో రోజు పరీక్ష తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి.

గ్రంథుల_డాక్టరు

148 మంచి అంకె. మీ థైరాక్సిన్ మీద ఉండగా పాలివ్వడానికి ఏ ఆటంకమూ లేదు, బిడ్డకు మందు అవసరమైనా పాలు ఆపనక్కర్లేదు.

కొత్తగా_నాన్న

ఇవన్నీ చదివి ఒక ప్రశ్న. మా బాబుకు ఆసుపత్రిలో మడమ చుక్క తీశారు. ఏదైనా ఉంటే ఫోన్ చేస్తామన్నారు. రేపటితో రెండు వారాలు నిండుతాయి, ఫోన్ రాలేదు. బాబు బాగానే ఉన్నాడు, కళ్లు మాత్రం ఇంకా కొంచెం పచ్చగా ఉన్నాయి. ఫోన్ రాలేదంటే నార్మల్ అనుకోవచ్చా?

చుక్క_కార్డు

అనుకోవద్దు. కార్డు దారిలో ఆగిపోవచ్చు, చుక్క చాలక పరీక్షకు పనికిరాకపోవచ్చు, ఫోన్ నంబరు తప్పు పడి ఉండొచ్చు. ఈ రోజే ఆసుపత్రికి ఫోన్ చేసి బాబు కార్డు నంబరు, ల్యాబ్‌కు చేరిన తేదీ, టీఎస్‌హెచ్ అంకె అడగండి, రిపోర్టు కాగితం తీసుకోండి. దొరకలేదంటే మళ్లీ కార్డు కోసం ఆగకుండా రేపు పొద్దున పిల్లల డాక్టరు దగ్గర నరం నుంచి రక్తం తీయించి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్), కామెర్లు తగ్గలేదు కాబట్టి రెండు రకాల బిలిరుబిన్ (కామెర్లలో పచ్చదనం తెచ్చే పదార్థం) చూపించండి. మలం తెల్లగా, సుద్దలా ఉందేమో కూడా గమనించి డాక్టరుకు చెప్పండి, అలా ఉంటే రేపటిదాకా కూడా ఆగొద్దు.